గాదె లేనోళ్ల గింజలు

దొరల ఇండ్లల్ల గాదెల గురించి, భూమిల తవ్విన పాతరల గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంటది. కరువు కోసం పెద్దోళ్లు చేసిన ముందుచూపని రాస్తరు. ఆ గింజ కోసి, తూర్పారబట్టి, మోసుకొచ్చి, పాతరలోకి దిగి నింపినోళ్లు తమ ఇంట్ల ఏం దాచుకున్నరో అడిగినోళ్లు తక్కువ. మా ఇండ్లల్ల గాదె లేదు. కుండలున్నయి, ఉట్టి ఉన్నది.

మాది గోదారి ఈవలి ఒడ్డు, బూర్గంపాడు దిక్కు మాదిగ గూడెం. 1948 దాకా ఇది నిజాం రాజ్యం. ఆవలి ఒడ్డు భద్రాచలం మద్రాసు కింద ఉండె. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ పేరున గింజలు గుంజుకపోయింది. పెద్ద దొరలు తప్పించుకున్నరు, చిన్న రైతులు దొరికిపోయిండ్రు. చిన్న రైతుకే మిగలనప్పుడు కూలోళ్లకు ఏం కొలుస్తడు? మళ్లీ దొర గాదె కాడికే పోవాలె. అక్కడ నాగు. బస్తా తెస్తే కోతలకు బస్తన్నర కొలవాలె. మేం పండించిన గింజే మాకు అప్పుగా తిరిగొచ్చేది. 1946-51 సాయుధ పోరాటంలో భూములతోపాటు దొరల ధాన్యాన్ని కూడా పంచింది ఊరికే కాదు.

ఇగ మా దాపుడు తిండి. మార్చి, ఏప్రిల్ నెలల్ల ఇప్పపువ్వు రాలుతది. తెల్లారకముందే ఏరుకొచ్చి, ఎండబోసి, కుండల్ల పోసి మూతికి గుడ్డ కట్టేది మా నాయనమ్మ. వానలకు కూలి దొరకని రోజుల్ల చింతగింజలేసి ఉడకబెట్టేది. కోయల దగ్గర నేర్చిన విద్య ఇది. రెండోది ఒట్టి తునకలు. పెద్దకూరను పొడుగు పేలికలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెం మీద మూడు నాలుగు ఎండలు ఎండనిచ్చి, పొయ్యి మీదికి ఉట్టికి కట్టాలె. పొగ తగులుతుంటే పురుగు పట్టదు. రెండు తునకలు బొగ్గుల మీద కాల్చి, దంచి గోంగూరల వేస్తే ఇంటిల్లిపాదికి బువ్వ దిగేది. మా వాడ దాటేటప్పుడు ముక్కు మూసుకునేటోళ్లు. అమెరికాలో ఇసొంటిదే జెర్కీ అని పాకెట్లల్ల అమ్ముతరు!

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలె. చచ్చిన గొడ్డును మోసుడు వెట్టి, దాని మాంసం ఆ వెట్టికి కూలి. 1927లో మహద్‌ల బాబాసాహెబ్ ఆ మాంసం మానమన్నది ఈ బానిసత్వాన్ని తెంపడానికే. నేను ఆ మాట మీదనే ఉన్న. కానీ మాంసాన్ని ఎండబెట్టి దాచే నేర్పు వెట్టి కాదు, దాన్ని కూడా సిగ్గుపడి పారేసుకునే పని లేదు.

1986 ఆగస్టు 16న భద్రాచలం కాడ గోదారి 75.6 అడుగులకెక్కింది. కుండల్ల వడ్లు నానిపోయినయి. మా అమ్మ ఉట్టి మూట నెత్తిన పెట్టుకొని గుట్టెక్కిందంట. మూడు రోజులు అదే తిండి. పగలు ముక్కు మూసుకున్నోళ్లు రాత్రి వచ్చి అడిగి తిన్నరని చెప్తది, పేర్లు మాత్రం చెప్పదు.

1983ల వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం నాగు మెడలు విరిచింది. అది చిన్న సంగతి కాదు. కానీ సర్కారు గింజ సర్కారు గోదాముల ఉంటది. 2001ల ఒడిశా కాశీపూర్ దిక్కు ఆదివాసులు మామిడి జీడి జావ తాగి చచ్చిపోయిండ్రు. ఆ ఏడే దేశపు గోదాములు నిండి పొర్లుతున్నయి. తిండి హక్కు కోసం సుప్రీంకోర్టుల కేసు పడ్డదీ అప్పుడే.

2022 జూలై 16న గోదారి మళ్ల 71.3 అడుగులొచ్చింది. పునరావాస కేంద్రంల డ్యూటీ చేసిన. తడిసిన రేషన్ బియ్యం సంచులతో వచ్చినోళ్లే అందరు. కుటుంబానికి 10,000 రూపాయలు, 20 కిలోల బియ్యం అని సర్కారు ప్రకటించింది. అవి చేతికందేదాక తినడానికి ఒక్కరి దగ్గర కూడా ఉట్టి మూట లేదు.

ఆహార నిల్వ పాఠం వచ్చినప్పుడు పచ్చళ్లు, వడియాల పక్కన ఒట్టి తునకలు, ఇప్పపువ్వు అని బోర్డు మీద రాస్త. మొన్న ఒక పిల్ల లేచి, "సార్, మా అమ్మమ్మ ఇంట్ల ఉన్నయి" అన్నది. వెనక బెంచీల నవ్విండ్రు. ఎట్ల చేస్తరో చెప్పమన్న. ఎన్ని ఎండలు కావాలెనో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.