పెట్టెతో చేసిన ప్రమాణము

కాణిపాకము పేరు వినగానే మన చిత్తూరు సీమవారికి రెండు సంగతులు స్ఫురించును. ఒకటి, బావిలో వెలసిన వరసిద్ధి వినాయకస్వామి. రెండవది, ప్రమాణము. అప్పు తీర్చితినని యొకడు, తీర్చలేదని మఱియొకడు వాదులాడుకొని, సాక్షులు లేక, పత్రములు లేక తగవు తెగనపుడు, పెద్దలు "కాణిపాకము వచ్చి ప్రమాణము చేయుదువా?" అని యడుగుదురు. కోనేట మునిగి తడిబట్టలతో స్వామి యెదుట నిలువవలెనన్న మాట చెవిని బడుటతోనే నిజము పలికినవారు పెక్కుమంది గలరని చెప్పుకొందురు. ఈ యాలయమును పదునొకండవ శతాబ్దమున మొదటి కులోత్తుంగ చోళుడు కట్టించెనని ప్రతీతి. ఆడిన మాటకు కట్టువడుట యను ధర్మమునకు మన ప్రాంతమున నింతకంటె పేరుపొందిన చోటు వేఱొకటి లేదు.

ప్రమాణమను మాటకు మఱియొక యర్థము కూడ కలదు. శేరు, పడి, బార మొదలగు కొలతలు ఊరివారందఱకు నొక్కటిగా నుండవలయును. అట్టి యొప్పుదలను గూడ ప్రమాణమనియే యందురు. మాటను, పాటను, బొమ్మను దూరమునుండి పంపెడు కేంద్రమును, ఇంట నందుకొనెడు పెట్టెయు నొకే ప్రమాణమునకు కట్టుబడియున్నంత కాలమే ఆ పెట్టె పలుకును. కేంద్రమువారు పద్ధతి మార్చిన నాడు, పెట్టెలో నొక్క తీగయైనను తెగకున్నను, అది మూగవోవును. మన యిండ్లలోని టెలివిజనులకు నేడు పట్టిన యవస్థ యిదియే. నాలుగైదేండ్ల క్రిందట వేలు పోసి కొన్న పెట్టె తళతళలాడుచునే యుండును. అందులోని యాపు మాత్రము "ఈ సాధనమున నిక పనిచేయను" అని వ్రాత చూపి యూరకుండును. ఈ వింత యొక్కనాట వచ్చినది కాదు. దానికి నూఱేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను క్రమముగా మనవి చేసెదను.

మొదట గ్రామఫోను. అందులో పెట్టెయు, పాటయు రెండును ఇంటివాని సొత్తే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పళ్లెము, ముల్లు, చేతితో త్రిప్పెడు కీలు, ఇంతే దాని సంసారము. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు కొంచె మెక్కువగా తిరుగు దీర్ఘకాలపు పళ్లెములను వెలువరించిరి. క్రొత్త పళ్లెము పాత యంత్రముపై పాడదు. అయినను పాత పళ్లెము పాత యంత్రముపై పాడుట మానలేదు. ఇంట నున్న పద్యము ఇంటనే నిలిచినది. ఎవరో యెచ్చటనో మనసు మార్చుకొన్నందువలన దాని గొంతు నొక్కబడలేదు. ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలయును.

రేడియో రాకతో స్థితి మారినది. పెట్టె మనది, పాట కేంద్రమువారిది. 1924లో సి. వి. కృష్ణస్వామి శెట్టి గారు మొదలగువారు చెన్నపట్టణమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు సాగించిరి. నాడు మన చిత్తూరు జిల్లా ఆ రాజధానిలోనిదే. ధనము చాలక 1927లో ఆ ప్రసారములు నిలిచిపోయెను. యంత్రములు కొనినవారి యిండ్లలో యంత్రములు చెక్కుచెదరకున్నవి. వినుటకు మాత్రము క్లబ్బువారి ధ్వని లేదు. పంపువాడు మానినచో పెట్టె యుండియు లేనిదే యను పాఠము దక్షిణదేశమున మొట్టమొదట నేర్పినది ఈ సంఘటనయే యని నా తలంపు. తరువాత 1930లో చెన్నపురి కార్పొరేషనువారు ప్రసారములను చేపట్టిరి. 1938 జూను 16వ తేదీన ఆలిండియా రేడియోవారి మద్రాసు కేంద్రము ప్రారంభమాయెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను.

ఇచ్చట మెచ్చదగిన విషయ మొకటి కలదు. మధ్యతరంగములపై ధ్వనిని పంపెడు పద్ధతిని దశాబ్దముల తరబడి మార్చకుండిరి. బల్లంత బల్బుల రేడియో పోయి చేతిలో నిమిడెడు ట్రాన్సిస్టరు వచ్చెను; రచ్చబండ కడ పంచాయతీ రేడియో వచ్చెను. పెట్టె రూపు మారినదే కాని ప్రమాణము మారలేదు. తాత కొనిన రేడియోలో మనుమడు వార్తలు వినగలిగెను. ఆ నిలుకడ యంత్రపు గొప్పతనము కాదు, పంపువారి మాటనిలుకడ.

ఇక టెలివిజను సంగతి. 1975 ఆగస్టు 1న మన దేశమున నొక గొప్ప ప్రయోగ మారంభమైనది. అమెరికావారు ఏటీఎస్-6 అను ఉపగ్రహమును ఒక్క సంవత్సరము మనకెరువిచ్చిరి. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములలో సామూహిక టెలివిజను పెట్టెలను, పదడుగుల యడ్డుకొలత గల వలగొడుగులను నిలిపిరి. ఆంధ్రప్రదేశమున కర్నూలు, మహబూబునగరము మొదలగు జిల్లాల పల్లెలకు హైదరాబాదులో తయారైన తెలుగు కార్యక్రమములు ఆకాశమునుండి దిగివచ్చెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము రైతులకు, తల్లులకు. పట్టణవాసులలో ననేకులు చూడని వింతను పల్లెవారు ముందుగా చూచిరి. 1976 జూలై 31న గడువు ముగిసెను. ఉపగ్రహమును దాని యజమానులు వెనుకకు మరలించుకొనిరి. ఊరి పెట్టె యూరనే యున్నది, గొడుగు ఆకాశమువైపే చూచుచున్నది. రావలసిన బొమ్మ మాత్రము రాలేదు. 1977 అక్టోబరులో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వచ్చినను, దాని వెలుగు అన్ని పల్లెలకు వెంటనే యందలేదు. అయినను ఒక్క న్యాయము చెప్పవలయును. ఏడాది మాత్రమే యని ముందుగానే చెప్పియుండిరి. గడువు చెప్పి యిచ్చిన యెరువు మోసము కాదు.

1982లో రంగుల ప్రసారములు వచ్చినపుడు నలుపు తెలుపుల పెట్టెలు గలవారు భయపడవలసిన పనిలేకపోయెను. ఏలయన, ఆ పద్ధతిని కల్పించినవారు పాతవారిని మఱవలేదు. బొమ్మయొక్క వెలుగునీడలను ఒక పాలుగను, రంగులను వేఱొక పాలుగను గూర్చి పంపునట్లు చేసిరి. క్రొత్త పెట్టె రెండింటిని గైకొనును. పాత పెట్టె వెలుగునీడలను గైకొని, రంగులను విడిచిపెట్టును. పంక్తిలో క్రొత్త వంటకము వడ్డించినంతమాత్రమున పాత చుట్టమును లేపివేయలేదన్నమాట. మార్పునకును మర్యాదకును పొసగదని వాదించువారికి ఈ యుదాహరణమే సమాధానము.

అటుపిమ్మట 2011 నాటి చట్టసవరణతో కేబులు ప్రసారములు డిజిటలు పద్ధతికి మారుట యారంభించెను. పట్టణములు ముందుగను, పల్లెలు చివరగను, 2017 మార్చి 31 నాటికి ఆ పని ముగియవలెనని గడువు పెట్టిరి. దూరదర్శనువారి పాత భూతల ప్రసారములు గూడ కొన్ని ముఖ్యస్థలములు తప్ప 2022 నాటికి నిలిచిపోయెను. ఇచ్చట పాత పెట్టె చెవిటిదాయెను. అయినను సెట్‌టాప్ బాక్సు అను దుబాసి నొక దానిని దాని ప్రక్కన గూర్చుండబెట్టిన యెడల క్రొత్త భాషను పాత భాషలోనికి మార్చి చెప్పును. మార్పు వచ్చినది, ప్రకటన వచ్చినది, గడువు వచ్చినది, ఉపాయమును వచ్చినది.

ఇంటర్నెట్టు టెలివిజను కథ వేఱు. ఇందు పెట్టె యూరక విను శ్రోత కాదు. ప్రతిసారియు దూరమున నున్న కంపెనీవారి యంత్రమును పిలిచి, వారి భాషలో నడిగి, తన గుర్తు చూపి, తాళము తీయించుకొని, బిగించి కట్టిన బొమ్మల మూటను విప్పుకొనవలయును. అడిగెడు భాష మారినను, గుర్తు చెల్లకపోయినను, తాళము మారినను, మూటకట్టు మారినను, ఆ నాలుగింటిలో నేది తప్పినను పెట్టెకు బొమ్మ రాదు. ఆ క్రొత్తపద్ధతులను నేర్పవలసినవాడు దానిని చేసిన కంపెనీవాడు. వాడు నేర్పుట మానినచో ఇంటివాడు చేయగలిగినది స్వల్పము.

కాణిపాకపు కథలో గ్రుడ్డి, మూగ, చెవిటి యగు మువ్వురు సోదరులు ఏతముతో నీరు తోడి పొలము పండించుకొనిరి. ఒకరి లోపము నింకొకరు పూరించుకొనిరి. మన పెట్టెలో చూపు, నోరు, చెవి యన్నియు బాగుగనే యుండి, వాని నడుమ పొత్తు మాత్రమే చెడుచున్నది.

ఉదాహరణములు చెప్పెదను. 2015 ఏప్రిలులో యూట్యూబువారు అడిగెడు భాషయొక్క పాతరూపమును మూసివేసిరి. దానితో 2012 నాటివియు, అంతకు ముందువియు నగు పెక్కు టెలివిజనులలో వారి యాపు నిలిచిపోయెను. 2019 డిసెంబరు 1 నుండి సామ్‌సంగువారి కొన్ని పాత టెలివిజనులలోను, రోకువారి కొన్ని పాత పెట్టెలలోను నెట్‌ఫ్లిక్సు పనిచేయుట మానెను. సాంకేతిక పరిమితులే కారణమని వారు తెలిపిరి. అన్నిటికంటె విచిత్రమైనది 2025 మార్చి 9 నాటి సంగతి. 2015లో అమ్మిన గూగులువారి రెండవ తరపు క్రోమ్‌కాస్టు పుడకలు లోకమంతట నొక్కసారిగా నిలిచిపోయెను. కారణమేమన, వానికిచ్చిన గుర్తింపు సర్టిఫికెట్టునకు పదేండ్ల గడువు వ్రాసియుండెను. ఆ గడువు నాడు తీరెను. కొలది దినములలో కంపెనీవారు క్రొత్త సవరణ పంపి వానిని మరల నడిపించిరి. కావున మూగవోయిన దానిని పలికింప శక్యమే. కావలసినది పలికించువాని యిచ్ఛ.

మా ప్రాంతమున నేనెఱిగిన యొక రైతుకుటుంబమున ముదుసలి తల్లి కలదు. కన్నుల కాంతి తగ్గినను టెలివిజనులో హరికథలు వెదకి పెట్టించుకొని వినుట ఆమెకు ప్రాణము. ఒకనాడు ఆ యాపు నిలిచిపోయెను. కేబులు బొమ్మ చక్కగ వచ్చుచునే యున్నది. ఆమె యంత్రము తన చేతి తప్పున చెడెనేమోయని కొడుకునకు చెప్పక రెండు దినములు బాధపడెను. అంగడివాడు పెట్టెనే మార్చుమనెను. తెలిసిన కుఱ్ఱవాడొకడు మాత్రము పెట్టె వెనుక నున్న రంధ్రమున చిన్న పుడకను దోపి, తక్కువ వెలతో హరికథను మరల వినిపించెను. తెర పదేండ్లు నిలుచును, యాపు నడుపు భాగము అంతకాలము నిలువదు. ఆ రెండింటిని విడదీసి కొనుట గృహస్థునకు లాభము.

కంపెనీవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. పాత తాళములను దొంగలు ఛేదింతురు. పాత పెట్టెకు క్రొత్త మూటలు విప్పు బలము చాలదు. ఒక్కొక్క పాతపద్ధతిని నిలుపుటకు ఖర్చు కలదు. ఇది నిజమే. నేను కోరునది శాశ్వతత్వము కాదు. శాసనములలో రాజులు ఆచంద్రార్కమని వ్రాయించిరి. వర్తకుని నట్లు వ్రాయుమనుట తగదు. ఎన్ని యేండ్లో చెప్పుమనుట మాత్రము తగును. ఎరువు తెచ్చిన ఉపగ్రహమునకే గడువు చెప్పినపుడు, వెల యిచ్చి కొన్న పెట్టెకు గడువు చెప్పకుండుట యే ధర్మము? ఇంగ్లండు దేశమున 2024 ఏప్రిలు 29 నుండి అమలులో నున్న చట్టము ప్రకారము, ఇంటర్నెట్టునకు తగిలించు గృహసాధనములకు రక్షణసవరణలు కనీస మెంతకాలము పంపుదురో తయారీదారులు ముందుగా ప్రకటింపవలయును. యాపులన్నియు నడచునని యా చట్టము పూచీపడదు. అయినను గడువు చెప్పవలెనను సూత్రము చట్టమున కెక్కినది.

కావున గ్రామపెద్దలకు నా మనవి. టెలివిజను కొనునపుడు తెర యెన్ని యంగుళములని మాత్రమే యడుగకుడు. ఇందలి యాపులకు, సవరణలకు ఏ సంవత్సరమువరకు పూచీ యని యడుగుడు. చెప్పిన దానిని బిల్లుమీద వ్రాయించుకొనుడు. నిలిచిపోయిన పెట్టెను పాతసామానులవానికి వేయకముందు, చిన్న సాధనము తగిలించి చూడుడు. పొలము కవులుకిచ్చునపుడు గడువు వ్రాయని పత్రముపై మీరెన్నడును వ్రేలిముద్ర వేసియుండరు. ఇల్లు చేరు ప్రతి పెట్టె కడను ఆ జాగ్రత్తయే చూపుడు.