విధేయతకు పరీక్ష: మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సమాజం

వాక్‌స్వాతంత్ర్యాన్ని, పత్రికా స్వాతంత్ర్యాన్ని, మతస్వాతంత్ర్యాన్ని హరించే శాసనమేదీ కాంగ్రెసు చేయరాదని అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ 1791 లోనే నిర్దేశించింది. ఆ సవరణ అమలులో ఉన్న దేశంలోనే 1917 తర్వాత మూడు నాలుగేళ్ళపాటు ఒక ఉపన్యాసానికి పదేళ్ళ కారాగారం, ఒక సినిమాకు జైలు, పిల్లవానికి పరభాషలో చదువు చెప్పినందుకు జరిమానా విధించడం జరిగింది. ఇదంతా ప్రభుత్వం ఒక్కటే చేసిన పని అనుకుంటే పొరపాటు. ప్రభుత్వం దారి చూపింది. ఆ దారిన నడిచినవారు మాత్రం ఇరుగుపొరుగువారే.

1916 నవంబరు ఎన్నికలలో వుడ్రో విల్సన్ రెండవసారి అధ్యక్షుడుగా నెగ్గినప్పుడు ఆయన పక్షం వారి ప్రధాన నినాదం, ఆయన దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్నదే. అయిదు నెలలు తిరగకముందే, 1917 ఏప్రిల్ 2న, అదే విల్సన్ జర్మనీపై యుద్ధం ప్రకటించవలసిందని కాంగ్రెసును కోరాడు. సెనేటులో 82 మంది అనుకూలంగా, 6గురు వ్యతిరేకంగా ఓటు చేశారు. ప్రతినిధుల సభలో 373 మంది అనుకూలురు, 50 మంది ప్రతికూలురు. ఆ ప్రతికూలురలో మొంటానా నుండి ఎన్నికైన జెనెట్ రాంకిన్ ఒకరు. అమెరికన్ కాంగ్రెసులో అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆమె. డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీపై కూడా యుద్ధం ప్రకటించారు. ఉస్మానియా సామ్రాజ్యంతో దౌత్య సంబంధాలు తెగిపోయినా అమెరికా దానిపై యుద్ధం ప్రకటించనే లేదు. అందుచేత డెట్రాయిట్ ప్రాంతంలో ఫోర్డు మోటారు కర్మాగారాన్ని నమ్ముకొని బ్రతుకుతున్న సిరియన్, తురుష్క ముస్లిం కార్మికులు చట్టరీత్యా శత్రుదేశీయులు కాలేదు. వారు 1921 లో అక్కడి హైలాండ్ పార్కులో ఒక మస్జిదును కూడా నిర్మించుకోగలిగారు. జర్మన్లకు ఈ వెసులుబాటు లేకపోయింది.

ఎందుకనగా 1910 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని 9 కోట్ల 20 లక్షల మందిలో ఇంచుమించు 1 కోటి 35 లక్షల మంది పరదేశాలలో పుట్టినవారే. జర్మనీలో పుట్టినవారిని, వారి సంతానాన్ని కలిపి లెక్కిస్తే 80 లక్షల వరకు తేలతారు. వారికి తమ పాఠశాలలు, తమ చర్చీలు, తమ పత్రికలు ఉండేవి. అంతవరకు వారిని శ్రమజీవులుగా, చదువరులుగా మెచ్చుకొన్న సమాజం ఏప్రిల్ 6 తెల్లవారేసరికి వారిని వేరే కళ్ళతో చూడసాగింది.

ఈ చూపును మరింత పదును పెట్టడానికి ప్రభుత్వం ఒక యంత్రాంగాన్నే నెలకొల్పింది. జార్జి క్రీల్ అనే పాత్రికేయుడు అధ్యక్షుడుగా ప్రజా సమాచార సంఘం ఏర్పడింది. దాని తరఫున సుమారు 75,000 మంది స్వచ్ఛంద వక్తలు సినిమాహాళ్ళలో రీలు మార్చే నాలుగు నిమిషాల విరామంలో లేచి నిలబడి ఉపన్యసించేవారు. యుద్ధ ఋణపత్రాలు కొనండి, ఆహారం ఆదా చేయండి, అనుమానితులను కనిపెట్టండి - ఇవే వారి విషయాలు. ఋణపత్రాల ద్వారా 2,000 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. కొననివారి పేర్లు ఊరిలో బాహాటంగా చదివిన చోట్లు, ఇంటి గోడకు పసుపురంగు పూసిన చోట్లు ఉన్నాయి. ఇష్టపూర్వకమైన ఋణం అని పేరే గాని, ఇష్టం లేదనడానికి గుండె నిబ్బరం కావలసి వచ్చింది.

అమెరికన్ ప్రొటెక్టివ్ లీగ్ అనే మరొక సంస్థ ఉండేది. ఇది ప్రభుత్వ శాఖ కాదు. వర్తకులు, గుమస్తాలు, బ్యాంకు ఉద్యోగులు చేరిన స్వచ్ఛంద సంఘం. న్యాయశాఖ ఆమోదం దీనికి ఉండేది. సభ్యుల సంఖ్య రెండున్నర లక్షలకు చేరింది. వారు బిళ్ళలు తగిలించుకొని తమ వీధిలో ఎవరేమి మాట్లాడుతున్నారో, ఎవరి ఇంటికి ఏ పత్రిక వస్తున్నదో కనిపెట్టి నివేదికలు పంపేవారు. 1918 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలో సైనికులతోను, పోలీసులతోను కలిసి వీరు నిర్బంధ సైనిక సేవకు నమోదు కాగితం చూపలేని యువకులను వేలాదిగా పట్టి నిర్బంధించారు. వారిలో అత్యధికులు ఏ తప్పూ చేయనివారని తర్వాత తేలింది.

ఇక చట్టాల సంగతి. 1917 జూన్ 15న గూఢచర్య నిరోధక చట్టం వచ్చింది. పేరు గూఢచారులది, వేటు పడింది మాత్రం చాలా వరకు మాట్లాడేవారిపైన, వ్రాసేవారిపైన. సైన్యంలో అవిధేయతను ప్రేరేపించినా, సైన్యంలో చేరడానికి ఆటంకం కల్పించినా 20 సంవత్సరాల జైలు, 10,000 డాలర్ల జరిమానా. 1918 మే 16న దీనికి చేర్చిన రాజద్రోహ నిబంధనలు ప్రభుత్వాన్ని గాని, జెండాను గాని, సైనికుల దుస్తులను గాని దూషించడాన్నే నేరంగా పరిగణించాయి. తపాలా మంత్రి ఆల్బర్ట్ బర్లెసన్ తనకు నచ్చని పత్రికలకు తపాలా సౌకర్యం నిరాకరించాడు. సుమారు 2,000 మందిపై కేసులు నడిచాయి. వాటిలో విచిత్రమైనది ఒక సినిమా నిర్మాత కేసు. రాబర్ట్ గోల్డ్‌స్టీన్ అమెరికన్ స్వాతంత్ర్య సమరంపై చిత్రం తీసి, అందులో ఆనాటి బ్రిటిష్ సైనికుల దౌర్జన్యాలు చూపించాడు. 140 ఏళ్ళ నాటి ఆ శత్రువు 1917 లో మిత్రుడు! మిత్రదేశంపై ద్వేషం రేపినందుకు అతనికి పదేళ్ళ శిక్ష పడింది. తర్వాత దానిని మూడేళ్ళకు తగ్గించారు. తన దేశపు స్వాతంత్ర్య చరిత్రను చూపడం దేశద్రోహం కావడం చరిత్రలో అరుదు.

సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్ 1918 జూన్ 16న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో యుద్ధాన్ని విమర్శిస్తూ ప్రసంగించాడు. పదేళ్ళ శిక్ష. 1919 మార్చిలో సుప్రీంకోర్టు దానిని ఏకగ్రీవంగా ఖాయం చేసింది. అప్పటికి యుద్ధం ముగిసి నాలుగు నెలలైంది. 1920 అధ్యక్ష ఎన్నికలలో డెబ్స్ అట్లాంటా జైలు నుండే పోటీచేయగా తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. విల్సన్ అతనిని విడుదల చేయడానికి నిరాకరించాడు. చివరకు 1921 క్రిస్మస్ నాడు తర్వాతి అధ్యక్షుడు హార్డింగ్ విడుదల చేశాడు.

అయితే కోర్టుల కంటె ఎక్కువ నష్టం చేసింది భాషపై పడిన నిషేధం. 1918 మేలో అయోవా గవర్నరు విలియం హార్డింగ్ (అధ్యక్షుడు హార్డింగ్ వేరు) ఒక ప్రకటన జారీచేశాడు. పాఠశాలలలోను, బహిరంగ స్థలాలలోను, రైళ్ళలోను, టెలిఫోనుపైన, చివరకు ప్రార్థనా సమావేశాలలోను ఇంగ్లీషు తప్ప మరొక భాష వాడరాదన్నాడు. ఇంగ్లీషు రానివారు తమ ఇళ్ళలోనే ఆరాధన జరుపుకోవచ్చునట! జర్మన్ల కోసం ఉద్దేశించిన ఈ ఉత్తర్వు డేన్లకు, నార్వే వారికి, చెక్కులకు కూడా తగిలింది. తమ తల్లిభాషలో తప్ప దేవుని ప్రార్థించి ఎరుగని ముసలివారు ఉపదేశం అర్థం కాని చర్చీలో కూర్చోవలసి వచ్చింది. 1915 లో ఉన్నత పాఠశాల విద్యార్థులలో దాదాపు నాల్గవవంతు జర్మన్ భాష చదివేవారు. 1922 నాటికి నూటికి ఒక్కరు కూడా లేరు.

నెబ్రాస్కా రాష్ట్రం 1919 లో, అంటే యుద్ధం ముగిసిన తర్వాత, ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఏ పరభాషనూ నేర్పరాదని చట్టం చేసింది. మరుసటి సంవత్సరం ఒక లూథరన్ చర్చి పాఠశాలలో రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడు పదేళ్ళ బాలునిచేత జర్మన్‌లో బైబిలు కథలు చదివిస్తూ ఉండగా ప్రభుత్వ న్యాయవాది లోనికి వచ్చాడు. మేయర్ పాఠం ఆపలేదు. 25 డాలర్ల జరిమానా పడింది. ఆ డబ్బు కట్టి ఊరుకుంటే వ్యవహారం అక్కడితో ముగిసేదే. ఆయన కట్టలేదు. రాష్ట్ర హైకోర్టులో ఓడిపోయినా కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1923 లో ఆ కోర్టు చట్టాన్ని కొట్టివేసి, తల్లిదండ్రులకు తమ పిల్లల చదువును నిర్ణయించుకొనే హక్కు, ఉపాధ్యాయునికి బోధించే హక్కు ఉన్నవని తీర్పు చెప్పింది. మైనారిటీల విద్యాహక్కులను గూర్చి ఇప్పటికీ పలు దేశాలలో ఉదహరింపబడే తీర్పు ఇది. దానికి మూలం ఒక గ్రామ బడి పంతులు మొండితనం.

అందరికీ కోర్టు దాకా వెళ్ళే అవకాశం కలుగలేదు. ఇల్లినాయి రాష్ట్రంలోని కొలిన్స్‌విల్ గని పట్టణంలో 1918 ఏప్రిల్ 5 తెల్లవారుజామున రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ శ్రామికుని అల్లరిమూక చెట్టుకు ఉరితీసింది. నిజానికి అతడు అమెరికన్ నౌకాదళంలో చేరడానికి ప్రయత్నించి తిరస్కరింపబడినవాడు. నేరం మోపబడిన పదకొండుమందిని జూరీ నిర్దోషులని వదిలివేసింది.

మద్యనిషేధం కూడా ఈ వాతావరణంలోనే చట్టమైంది. దానికై దశాబ్దాలుగా పనిచేసిన సంఘాలు, వాటిలో ముఖ్యంగా స్త్రీలు, ఉన్నమాట నిజమే. కాని బీరు తయారీదారులలో పెక్కుమంది జర్మన్లు కావడం, ధాన్యం ఆదా చేయవలసి రావడం చివరి తోపుగా పనిచేశాయి. 1919 జనవరిలో ఆమోదం పొందిన 18వ సవరణ 1933 డిసెంబరులో రద్దయింది. అమెరికాలో మద్యనిషేధం విఫలమైందని తరచు ఉదహరించేవారు దాని పుట్టుకలోని ఈ పగను లెక్కలోకి తీసుకోరు. పక్కవానిపై కోపంతో మానిన తాగుడు ఎంతకాలం నిలుస్తుంది?

నల్లజాతి పౌరుల గాథ వేరు. వారి విధేయతను శంకించడానికి ఏ పరదేశమూ లేదు. అయినా ఫలితం అదే. యుద్ధంతో వలసలు ఆగి కర్మాగారాలలో మనుషులు కరువు కాగా, దక్షిణాది నుండి సుమారు అయిదు లక్షల మంది ఉత్తరాది నగరాలకు తరలివచ్చారు. 1917 జూలైలో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో వారి ఇళ్ళు తగులబెట్టారు. అధికార లెక్కల ప్రకారమే 39 మంది నల్లవారు, 9 మంది తెల్లవారు చనిపోయారు. ఆగస్టులో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పోలీసుల దౌర్జన్యానికి రెచ్చిపోయిన 24వ పదాతి దళపు నల్ల సైనికులు తిరుగబడ్డారు. 19 మందిని ఉరితీశారు. మొదటి 13 మందికి అప్పీలు అవకాశం కూడా ఇవ్వలేదు. ఆ శిక్షలన్నిటినీ అమెరికన్ సైన్యం 2023 నవంబరులో రద్దు చేసింది - 106 సంవత్సరాల తర్వాత.

అయినప్పటికీ సుమారు 3,80,000 మంది నల్లవారు సైన్యంలో పనిచేశారు. హక్కుల మాట యుద్ధం తర్వాత చూద్దామని డుబోయిస్ వంటి నాయకుడే 1918 లో సలహా ఇచ్చాడు. ఎక్కువమందికి తుపాకీకి బదులు పార చేతికిచ్చారు. ఫ్రెంచి సైన్యం క్రింద పోరాడిన 369వ దళం మాత్రం 191 రోజులు ముందువరుసలో నిలిచింది. 1919 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రజలు వారికి స్వాగతం పలికారు. అయిదు నెలలకే, జూలై 27న, షికాగో సరస్సులో ఈదుతున్న ఒక నల్లజాతి బాలుడు కనిపించని సరిహద్దు దాటి తెల్లవారి వైపు వచ్చాడని రాళ్ళు రువ్వగా మునిగి చనిపోయాడు. తర్వాతి అల్లర్లలో 38 మంది మరణించారు, వెయ్యి కుటుంబాలు ఇల్లు కోల్పోయాయి. ఆ యేడు ఇటువంటి అల్లర్లు వాషింగ్టన్‌తో సహా అనేక పట్టణాలలో చెలరేగాయి. సలహా ఇచ్చిన డుబోయిస్ స్వరం కూడా ఆ సంవత్సరం మారింది.

ఈ నడుమ విషజ్వరం వచ్చింది. 1918 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో ఋణపత్రాల ఊరేగింపును ఆపవలసిందని వైద్యులు హెచ్చరించినా, దేశభక్తి కార్యాన్ని ఆపడమా అని అధికారులు జరిపించారు. రెండు లక్షల మంది గుమికూడారు. ఆరు వారాలలో ఆ నగరంలో 12,000 మంది చనిపోయారు. దేశం మొత్తం మీద ఆ జ్వరానికి బలైనవారు సుమారు 6,75,000. యుద్ధరంగంలో పోరాడుతూ మరణించినవారు 53,000.

1918 నవంబరు 11న తుపాకులు మూగపోయాయి, అనుమానం మాత్రం పోలేదు. ధరలు మండిపోతుండగా 1919 లో 40 లక్షల మంది కార్మికులు సమ్మెలు చేశారు. జూన్ 2న అటార్నీ జనరల్ మిచెల్ పామర్ ఇంటివద్ద బాంబు పేలింది. జర్మనుల స్థానంలో ఇప్పుడు రష్యన్లు, ఇటాలియన్లు, యూదులు నిలబడవలసి వచ్చింది. డిసెంబరులో 249 మందిని బ్యూఫర్డ్ అనే ఓడలో రష్యాకు పంపివేశారు. 1920 జనవరి 2 రాత్రి ముప్పయికి పైగా నగరాలలో వేలాదిమందిని, చాలామందిని వారంటు లేకుండానే, పట్టుకున్నారు. ఈ దాడుల వెనుక పనిచేసిన జాబితాలు తయారుచేసినవాడు పాతికేళ్ళైనా నిండీ నిండని ఎడ్గార్ హూవర్. అడ్డుపడినవాడు కార్మికశాఖలోని లూయి పోస్ట్ అనే వృద్ధ అధికారి. ఒక్కొక్క కాగితం తానే చదివి 1,500 కు పైగా బహిష్కరణ ఉత్తర్వులను రద్దుచేశాడు. అతనిని పదవినుండి తొలగించాలని కాంగ్రెసులో విచారణ పెట్టారు, అతడు సమాధానం చెప్పి నెగ్గాడు. మే 1న విప్లవం రాబోతున్నదని పామర్ చెప్పిన జోస్యం ఫలించకపోవడంతో జనానికి అతని మాటలపై నమ్మకం తగ్గింది.

ఈ గాలి భారతీయులకు కూడా తగిలింది. 1917 ఫిబ్రవరిలో విల్సన్ నిరాకరణను కాదని కాంగ్రెసు చేసిన వలస చట్టం ఆసియాలోని అధికభాగాన్ని, అందులో భారతదేశాన్ని, నిషిద్ధ మండలంగా ప్రకటించింది. కాలిఫోర్నియాలో గదర్ పార్టీ వారిపై అదే సంవత్సరం నవంబరు 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో కుట్రకేసు ప్రారంభమైంది. ఆరోపించిన కుట్ర కాలానికి అమెరికా యుద్ధంలో చేరనే లేదు. తటస్థతా చట్టాన్ని ఉల్లంఘించారన్నదే అభియోగం. జర్మన్ కాన్సల్‌తో సహా 29 మందికి శిక్షలు పడ్డాయి. తీర్పు వచ్చిన రోజుననే కోర్టులో నాయకుడు రామచంద్రను తోటి ముద్దాయి కాల్చిచంపాడు. ఈ పార్టీతో సంబంధమున్న మౌల్వీ బర్కతుల్లా అప్పటికి అమెరికాలో లేరు. ఆయన 1927 లో తిరిగి వెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కన్నుమూశారు. కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్‌లో చేరిన తెలుగువాడు, కనిగిరి దరిశి చెంచయ్య కూడా అమెరికా యుద్ధంలో దిగకముందే ఆ దేశం విడిచారు.

1921, 1924 సంవత్సరాల చట్టాలు తలుపులు మరింత బిగించాయి. రెండవది ప్రతి దేశానికి 1890 నాటి జనాభా లెక్కను బట్టి నూటికి ఇద్దరి చొప్పున మాత్రమే ప్రవేశం కల్పించింది. 1890 సంవత్సరాన్నే ఎన్నుకోవడంలో ఉద్దేశం స్పష్టమే: తూర్పు, దక్షిణ ఐరోపా వారు అధికంగా రావడం ఆ తర్వాతనే.

రాజద్రోహ నిబంధనలు 1921 మార్చిలో రద్దయినాయి. 1917 నాటి గూఢచర్య చట్టం మాత్రం సవరణలతో ఇప్పటికీ అమలులోనే ఉన్నది. 1918 లో అమెరికన్ సైన్యపు దుస్తులు ధరించి సేవచేసి, యోగ్యతాపత్రంతో విడుదలైన భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీకి పౌరసత్వం లభించగా, అతడు శ్వేతజాతీయుడు కాడన్న కారణంతో 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు దానికి అనర్హుడని తీర్పు చెప్పింది. సైనిక సేవ చేసినవారికి జాతి భేదం లేకుండా పౌరసత్వం ఇవ్వడానికి 1935 లో ఒక చట్టం రాగా, మరుసటి సంవత్సరం న్యూయార్కులో అతడు మళ్ళీ దరఖాస్తు చేసి పౌరుడయ్యాడు.