రోడ్డు సైకిలు టైరు పీడనం

రోడ్డు సైకిలు టైరు పీడనం అనగా తారు రోడ్లపై వేగంగా, దూరప్రయాణాలకు నడిపే సన్నని టైర్ల సైకిలులో నింపే గాలి పీడనం. సైకిలు బరువును, నడిపేవారి బరువును చివరకు మోసేది టైరులోని ఈ గాలియే. పీడనం తగిన స్థాయిలో ఉన్నప్పుడు సైకిలు తక్కువ శ్రమతో ముందుకు సాగుతుంది, మలుపులలో పట్టు నిలుస్తుంది, పంక్చర్లు తగ్గుతాయి. టైరు ఎంత గట్టిగా ఉంటే సైకిలు అంత వేగంగా పోతుందన్న అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. నిజమైన రోడ్లపై ఇది కొంతవరకే వర్తిస్తుంది. ఒక హద్దు దాటిన తరువాత పీడనం పెంచితే వేగం తగ్గుతుంది, జారే ప్రమాదం పెరుగుతుంది. ఆ హద్దు అందరికీ ఒకటి కాదు. అది టైరు మోసే బరువు, టైరు వెడల్పు, రోడ్డు తీరు అనే మూడు అంశాలపై ముఖ్యంగా ఆధారపడి ఉంటుంది.

ప్రమాణాలు, కొలతలు

టైరు పీడనాన్ని పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌనులు) లేదా బార్ అనే ప్రమాణాలలో కొలుస్తారు. 1 బార్ సుమారు 14.5 పి.ఎస్.ఐ.కి, 100 కిలోపాస్కళ్లకు సమానం. పంపు గేజి చూపేది బయటి వాతావరణ పీడనం కంటే టైరులో అదనంగా ఉన్న పీడనాన్ని మాత్రమే. అందువల్ల పూర్తిగా గాలి తీసిన టైరులో గేజి సున్న చూపుతుంది.

టైరు పక్కభాగంపై 28-622 వంటి అంకెలు ముద్రించి ఉంటాయి. వీటిలో మొదటిది టైరు వెడల్పు, రెండవది టైరు అంచు రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. 700సి అని పిలిచే రోడ్డు సైకిలు చక్రాల వ్యాసం 622 మి.మీ. భారతదేశంలో వాడుకలో ఉన్న మామూలు పెద్ద సైకిలు టైరుపై కనిపించే 28 x 1½ అనే గుర్తులోని 28 అంగుళాలలో చెప్పిన చక్రం పరిమాణం. దాని రిమ్ము వ్యాసం 635 మి.మీ. కావున ఆ టైరు రోడ్డు సైకిలుకు సరిపోదు.

చరిత్ర

గాలి నింపిన టైరుకు మొదటి పేటెంటు 1845లో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ పొందాడు. అయితే అప్పటికి నేడు మనకు తెలిసిన సైకిలు లేదు, కాబట్టి ఆ ఆవిష్కరణ మరుగున పడింది. ఐర్లాండులోని బెల్ఫాస్టులో పశువైద్యునిగా పనిచేస్తున్న జాన్ బాయ్డ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కుదుపులు లేకుండా నడవాలని గాలి టైరును తయారుచేసి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1889లో విల్లీ హ్యూమ్ అనే పందెగాడు బెల్ఫాస్టులో ఈ టైర్లతో పోటీలు గెలిచిన తరువాత గట్టి రబ్బరు టైర్లు త్వరలోనే వెనుకబడ్డాయి. 1891లో పారిస్ - బ్రెస్ట్ - పారిస్ పందెంలో షార్ల్ టెరోన్ మిషెలిన్ వారి విప్పి బిగించగల టైర్లతో గెలుపొందాడు.

సుఖం కోసం పుట్టిన గాలి టైరు వేగంలోనూ గట్టి టైరును ఓడించడం గమనించదగినది. అయినప్పటికీ 20వ శతాబ్దం చివరినాటికి పందెపు సైకిళ్లలో టైర్లు 20 - 23 మి.మీ.కు సన్నబడి, వాటిలో 8 బార్ (సుమారు 116 పి.ఎస్.ఐ.), అంతకు మించిన పీడనం కూడా సాధారణమైంది. 2010ల నుండి ఈ ధోరణి తిరగబడింది. 2020లలో పందెగాళ్లు కూడా 28 మి.మీ., అంతకంటే వెడల్పైన టైర్లను తక్కువ పీడనంతో వాడుతున్నారు.

గాలి బరువును మోసే విధానం

టైరు నేలను తాకే చోటు కొద్దిగా చదునవుతుంది. ఆ చదును భాగపు వైశాల్యం, చక్రంపై పడే బరువును పీడనంతో భాగిస్తే వచ్చే విలువకు దాదాపు సమానం. ఉదాహరణకు వెనుక చక్రంపై 40 కిలోల బరువు పడితే ఆ బలం సుమారు 392 న్యూటన్లు. పీడనం 6 బార్ ఉన్నప్పుడు నేలను తాకే వైశాల్యం సుమారు 6.5 చదరపు సెం.మీ., 4 బార్ ఉన్నప్పుడు సుమారు 9.8 చదరపు సెం.మీ. అనగా మనిషి మొత్తం బరువు రెండు తపాలా బిళ్ళలంత చోటుపై నిలబడుతుంది.

టైరు గోడలోని పోగులపై పడే బిగువు పీడనాన్ని టైరు వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. 25 మి.మీ. టైరులో 7 బార్, 32 మి.మీ. టైరులో 5.5 బార్ పీడనం ఉంటే రెండింటి గోడలపై బిగువు దాదాపు సమానం. వెడల్పు టైరు తక్కువ పీడనంతోనే అంత గట్టిగా ఉండటానికి కారణం ఇదే. సన్నని టైరుకు చెప్పిన అంకెను వెడల్పు టైరుకు వాడటం పొరపాటు.

పీడనం - వేగం

టైరు దొర్లేటప్పుడు రెండు విధాలుగా శక్తి నష్టమవుతుంది.

మొదటిది టైరు లోపలి నష్టం. నేలను తాకినప్పుడు రబ్బరు, పోగులు వంగి, మళ్ళీ యథాస్థితికి వస్తాయి. వంచడానికి ఖర్చయిన శక్తి అంతా తిరిగి రాదు, కొంత వేడిగా మారుతుంది. దీనిని హిస్టెరిసిస్ అంటారు. పీడనం పెరిగితే టైరు తక్కువగా వంగుతుంది కాబట్టి ఈ నష్టం తగ్గుతుంది.

రెండవది కుదుపుల వల్ల కలిగే నష్టం. టైరు మరీ గట్టిగా ఉంటే రోడ్డుపై గరుకును తనలో ఇముడ్చుకోలేదు. ప్రతి చిన్న రాయికీ సైకిలు, మనిషి కలిసి పైకి లేస్తారు. ముందుకు పోవలసిన శక్తి పైకి ఎగరడానికి, శరీరంలోని కండరాలను కుదపడానికి ఖర్చవుతుంది. పీడనం పెరిగితే ఈ నష్టం పెరుగుతుంది.

ఈ రెండు నష్టాల మొత్తం ఎక్కడ కనిష్ఠంగా ఉంటుందో అదే తగిన పీడనం. నున్నని ట్రాక్‌పై ఆ స్థానం ఎక్కువ పీడనం వద్ద, గరుకు రోడ్డుపై తక్కువ పీడనం వద్ద ఉంటుంది. ప్రయోగశాలలో నున్నని ఉక్కు పీపాపై టైరును తిప్పి పరీక్షించినప్పుడు మనిషి శరీరమూ, రోడ్డు గరుకూ ఉండవు. అక్కడ మొదటి నష్టమే కనిపిస్తుంది. ఎక్కువ పీడనమే మేలన్న నమ్మకం బలపడటానికి ఇది ఒక కారణం. గట్టి టైరుపై కలిగే గగుర్పాటు వేగంలా తోచడం మరొక కారణం.

మొత్తం 85 కిలోల బరువు, 0.005 దొర్లుడు నిరోధ గుణకం ఉన్నప్పుడు గంటకు 30 కి.మీ. వేగంలో రెండు టైర్లకు కలిపి సుమారు 35 వాట్ల సామర్థ్యం ఖర్చవుతుంది. కొద్ది గంటల ప్రయాణంలో పీడనం వల్ల కలిగే తేడా స్వల్పంగా తోచినా, 200 కి.మీ., అంతకు మించిన ప్రయాణాలలో చేతులు, నడుము అలసట రూపంలో అది స్పష్టంగా తెలుస్తుంది.

పీడనాన్ని నిర్ణయించే అంశాలు

బరువు: మనిషి, సైకిలు, నీటి సీసాలు, సంచి అన్నీ కలిపి లెక్కించాలి. మొత్తం బరువు 10 శాతం పెరిగితే పీడనాన్నీ సుమారు 10 శాతం పెంచడం అనుకూలమైన లెక్క. సాధారణంగా వెనుక చక్రంపై 55 నుండి 60 శాతం బరువు పడుతుంది. అందుచేత ముందు టైరులో కొంత తక్కువ గాలి ఉంచుతారు.

టైరు అసలు వెడల్పు: ముద్రించిన వెడల్పు కంటే, రిమ్ముపై బిగించి గాలి నింపిన తరువాత కొలిచిన వెడల్పు ముఖ్యం. రిమ్ము వెడల్పుగా ఉంటే టైరు కూడా వెడల్పవుతుంది.

రోడ్డు: కొత్త తారు రోడ్డుకూ, కంకర తేలిన గ్రామీణ రోడ్డుకూ ఒకే పీడనం పనికిరాదు. ఫ్రాన్సులో 1896 నుండి జరుగుతున్న పారిస్ - రూబే పందెంలో రాళ్ళు పరచిన బాటలు ఎక్కువ కాబట్టి, పందెగాళ్లు మిగతా పందేల కంటే బాగా తక్కువ పీడనం వాడతారు.

వాన: తడి రోడ్డుపై పీడనాన్ని కొద్దిగా తగ్గించడం వాడుక. కారు టైరులా సన్నని సైకిలు టైరు నీటిపై తేలడమనేది మామూలు వేగాలలో జరగదు. తగ్గించడంలో ఉద్దేశ్యం గరుకు రోడ్డుపై టైరు ఎడతెగకుండా ఆనేలా చూడటమే.

ఎండ: వేడికి గాలి పీడనం పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 6 బార్ నింపిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు 6.5 బార్ అవుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి ఎండలో సైకిలును నిలిపి ఉంచేవారు ఈ పెరుగుదలను లెక్కలో ఉంచుకొని, గరిష్ఠ హద్దుకు దగ్గరగా నింపకూడదు. అరకు వంటి ఘాట్ రోడ్లపై దిగేటప్పుడు రిమ్మును పట్టే బ్రేకులను అదేపనిగా వాడినా రిమ్ము వేడెక్కి ఇదే ఫలితం కలుగుతుంది.

ట్యూబు: ట్యూబు లేని టైర్లలో ట్యూబు నలిగి పంక్చరు అయ్యే భయం ఉండదు, కాబట్టి పీడనాన్ని ఇంకొంచెం తగ్గించవచ్చు.

పీడనాన్ని ఎంచుకునే పద్ధతి

అమెరికాకు చెందిన ఫ్రాంక్ బెర్టో కొలతల ఆధారంగా ప్రచారంలోకి వచ్చిన సూత్రం ప్రకారం, బరువు పడినప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం కుంగాలి. అనగా 28 మి.మీ. టైరు 4 మి.మీ.కు కొంచెం ఎక్కువగా కుంగాలి. మొత్తం బరువు 85 కిలోలు ఉండి, ట్యూబుతో మామూలు తారు రోడ్డుపై నడిపేవారు వెనుక టైరుకు ఈ క్రింది ఉజ్జాయింపు విలువలతో మొదలుపెట్టవచ్చు.

23 మి.మీ. - 6.5 నుండి 7 బార్ (94 - 102 పి.ఎస్.ఐ.)
25 మి.మీ. - 5.5 నుండి 6 బార్ (80 - 87 పి.ఎస్.ఐ.)
28 మి.మీ. - 4.7 నుండి 5.2 బార్ (68 - 75 పి.ఎస్.ఐ.)
32 మి.మీ. - 3.8 నుండి 4.3 బార్ (55 - 62 పి.ఎస్.ఐ.)

ముందు టైరులో 0.3 నుండి 0.5 బార్ తక్కువ ఉంచాలి. తరువాత అలవాటైన ఒకే రోడ్డుపై, ఒక్కొక్కసారి 0.2 బార్ చొప్పున మార్చి చూడాలి. చేతులకు గగుర్పాటు ఎక్కువగా ఉన్నా, గరుకు మలుపులో చక్రం ఎగిరినట్లున్నా పీడనం ఎక్కువైనట్లు. మలుపులో టైరు పక్కకు ఒరిగినట్లు తోచినా, గుంతలో రిమ్ము నేలకు తగిలిన చప్పుడు వచ్చినా తక్కువైనట్లు. ట్యూబుపై పక్కపక్కనే రెండు చీలికలు పాము కాటులా కనిపిస్తే, గాలి చాలక ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిందని అర్థం. నచ్చిన విలువను బరువు, టైరు వెడల్పుతో సహా రాసి పెట్టుకోవడం మంచిది.

భద్రతా హద్దులు

టైరుపై ముద్రించిన గరిష్ఠ పీడనం ఎప్పుడూ దాటకూడని హద్దు మాత్రమే. అంత నింపాలన్న సలహా కాదు. రిమ్ముకు కూడా వేరే హద్దు ఉండవచ్చు. రెండింటిలో తక్కువైనదానినే పాటించాలి. అంచున కొక్కెం లేని రిమ్ములకు గరిష్ఠ పీడనం 5 బార్ (72.5 పి.ఎస్.ఐ.) మాత్రమే. వాటికి తయారీదారు ఆమోదించిన టైర్లనే వాడాలి. ఈ హద్దు దాటితే టైరు రిమ్ము నుండి ఊడిపోవచ్చు. ముందు చక్రం విషయంలో ఇది ప్రాణాపాయం. బరువు ఎక్కువగా ఉండి ఈ హద్దు చాలని వారు మరింత వెడల్పు టైరును ఎంచుకోవాలి.

గాలి నింపడం, కొలవడం

మామూలు సైకిలు టైరును బొటనవేలితో నొక్కి చూడటం మన ప్రాంతంలో అలవాటు. రోడ్డు సైకిలు టైరు 5 బార్ వద్దా, 7 బార్ వద్దా వేలికి ఒకే విధంగా గట్టిగా తోస్తుంది. అందుచేత గేజి ఉన్న నిలువు పంపు అవసరం. గేజీల మధ్య తేడాలుంటాయి కాబట్టి ఎప్పుడూ ఒకే గేజితో కొలవాలి.

రోడ్డు సైకిళ్లలో ఎక్కువగా సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది. దాని కొనపై ఉన్న చిన్న మరను వదులు చేసి, ఒకసారి నొక్కి వదిలిన తరువాతనే పంపు తగిలించాలి. కార్లకు, మోటారు సైకిళ్లకు ఉండేది ష్రేడర్ వాల్వు, మామూలు సైకిళ్లకు ఉండేది డన్లప్ వాల్వు. పెట్రోలు బంకులోని గాలి గొట్టం ష్రేడర్ వాల్వుకు మాత్రమే సరిపోతుంది. సన్నని టైరులో పట్టే గాలి కొద్ది కాబట్టి అక్కడ క్షణాలలో హద్దు దాటే ప్రమాదం ఉంది.

గాలి ట్యూబు గోడల గుండా నెమ్మదిగా తగ్గిపోతూ ఉంటుంది. బ్యూటైల్ రబ్బరు ట్యూబులను వారానికి ఒకసారైనా, లేటెక్స్ ట్యూబులను ప్రతి ప్రయాణానికి ముందూ సరిచూడాలి. దారిలో కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో నింపిన టైరు మామూలు గాలి కంటే త్వరగా మెత్తబడుతుంది. ఇల్లు చేరిన తరువాత దానిని ఖాళీ చేసి, పంపుతో తిరిగి నింపాలి.

ఇవి కూడా చూడండి

సైకిలు
టైరు
పీడనం
ఘర్షణ
జాన్ బాయ్డ్ డన్లప్