నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన లీజు కాగితం

మా తాతగారు ఫ్రెంచివాళ్ళ కాలంలో గౌతమి దాటి యానాం వచ్చి స్థిరపడ్డారు. అవతలి ఒడ్డున, కోనసీమలో, ఎకరన్నర కొబ్బరితోట మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తోట తాలూకు 1986 నాటి కాగితం ఒకటి నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. అందులో "లీజు" అని ఉంది, చమురు తవ్వకాల మాట ఉంది, కింద నాయనమ్మ వేలిముద్ర ఉంది. తాతగారు అప్పటికే పోయారు కాబట్టి ఆవిడ వేశారనుకున్నాం.

హ్యూస్టన్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఫొటో చూసి, "ఒరేయ్, ఇది రాయల్టీ లీజేమో! ఇక్కడ తాతల నాటి వాటాలకి మనవలకి చెక్కులొస్తాయి" అన్నాడు. అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. టెక్సాస్‌లో పైన నేల ఒకరిది, కింద ఖనిజం ఇంకొకరిది కావచ్చు. ఖనిజం సొంతదారు కంపెనీకి లీజు ఇచ్చి, వచ్చినదాంట్లో వాటా తీసుకుంటాడు. పాత లీజుల్లో ఎనిమిదో వంతు మామూలు. మొదటి గడువు దాటాక, బావి గిట్టుబాటుగా ఉత్పత్తి ఇస్తున్నంత కాలమే ఆ లీజు బతికుంటుంది. అందుకే అక్కడి వారసులు కౌంటీ ఆఫీసుల్లో పాత దస్తావేజులు తిరగేస్తూ ఉంటారు.

మన దగ్గర కథ వేరు. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం కింద తవ్వకం లీజు ఇచ్చేది ప్రభుత్వం, రైతు కాదు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోని బావులది కేంద్రానికి వెళ్తుంది. తోట మనదైనా దాని కింద గ్యాస్‌లో మనకి వాటా లేదన్నమాట.

మరి ఆ కాగితం ఏంటి? తెలిసిన ప్లీడరుగారు చదివి చెప్పారు: 1894 భూసేకరణ చట్టం 35వ సెక్షన్ కింద తాత్కాలిక స్వాధీనం, మహా అయితే 3 ఏళ్ళు. యంత్రాలు పెట్టుకోవడానికి తోటలో కొంత తీసుకుని, అద్దె, పోయిన చెట్లకి పరిహారం ఇచ్చారు. 1989కే అది ముగిసిపోయింది.

ఇక వదిలేద్దాం అనుకున్నాం గానీ, అప్పటికే రేవు దాటి అక్కడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీకి పెట్టాం. ఆంధ్రాలో ఉన్న తోట లెక్క యానాంలో దొరకదు కదా. 1983 తర్వాతవి కంప్యూటర్లో వచ్చాయి, పాతవి పుస్తకాల్లో వెతికించాం. ఊళ్ళో సర్వే నంబరు మీద కూడా విచారించాం. రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, తోట తూర్పు అంచు కింద గ్యాస్ పైపులైను పోతోంది. 1962 పైపులైన్ల చట్టం ప్రకారం నేల మనదే, వాడుకునే హక్కు వాళ్ళది. దానికి పరిహారం ఆ నేల మార్కెట్ విలువలో 10 శాతం. ఆ మేరలో ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి మొక్క కూడా! తోట బేరమాడుతున్నాయనకి ఇది దాచకుండా చెప్పాలి.

రెండోది మమ్మల్ని కూర్చోబెట్టేసింది. ఆ తోట తాతగారిది కాదు. 1951లో నాయనమ్మకి వాళ్ళ నాన్నగారు పసుపు కుంకుమ కింద రిజిస్టరు చేసి ఇచ్చారు. తాతగారేమో దాన్ని ముగ్గురు కొడుకులకీ వీలునామా రాశారు. తనది కానిది ఎలా రాస్తారు? నాయనమ్మ ఏ వీలునామా రాయకుండానే 1998లో పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆవిడ ఆస్తి కొడుకులకీ కూతుళ్ళకీ సమానం. అంటే మూడు కాదు, అయిదు వాటాలు.

పెద్దత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అది అమ్మ తోటేరా. మా ఇద్దరికీ తెలుసు. అన్నయ్యలతో గొడవెందుకని అడగలేదు" అంది.

రాయల్టీ రాలేదు. అమ్మకం మాత్రం ఆగింది, ఇప్పుడు అయిదుగురి సంతకాలతోనే జరుగుతుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఉంటే, కింద గ్యాస్ ఎవరిదని వెతికే ముందు, పైన నేల ఎవరి పేరున ఉందో ఒకసారి ఈసీ తీయించి చూడండి.