నగరి: విపత్తు సహాయ వ్యవస్థ చరిత్ర

నగరి చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దు పక్కన, కుశస్థలి నది ఒడ్డున ఉన్న పురపాలక పట్టణం. మరమగ్గాలకు పేరుపొందింది. ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలతో ఎండి ఉండే కుశస్థలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజుల్లో ఒక్క రాత్రిలో నిండుతుంది. అందుకే ఈ ప్రాంత విపత్తుల చరిత్రలో కరువూ వరదా పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రభుత్వ సహాయ పద్ధతి మాత్రం మొదట కరువు కోసమే రూపొందింది.

1876-78 నాటి ధాత కరువు ఈ పద్ధతికి మూలం. నగరి పరిసరాలు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో ఉండేవి. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ సహాయ పనులు తెరిపించి కూలి ఇప్పించాడు. ఖర్చు పెరుగుతోందని వైస్రాయి లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను ప్రత్యేక ప్రతినిధిగా దక్షిణాదికి పంపాడు. టెంపుల్ కూలీలకిచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌండుకు తగ్గించాడు. ఆ తిండితో బరువు పని చేసే మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్.కార్నిష్ లెక్కలతో సహా వాదించాడు. పై అధికారాన్ని ఎదిరించి నిలిచిన ఆ వైద్యుడి పట్టుదల మెచ్చదగినది. కొన్ని నెలలకే మద్రాసు ప్రభుత్వం కొలత పెంచింది. డబ్బు పైవాళ్ల చేతిలో, ఆకలి కిందివాళ్ల కళ్లముందు ఉన్నప్పుడు మాట ఎవరిది చెల్లాలన్న తగాదా అప్పుడే మొదలైంది. కోస్తాలో బకింగ్‌హాం కాలువ పనుల్లో కొంత భాగం ఈ కరువు కూలీలు చేసినదే. సర్ రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షుడిగా ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా వచ్చిన కరువు నియమావళి, ధరల పెరుగుదలను, ఊళ్లు వదిలి వలసపోయే జనాన్ని గమనించి ముందే పైకి తెలపడం కలెక్టరు బాధ్యతగా నిర్దేశించింది. జిల్లాలో కలెక్టరు, తాలూకాలో తహసీల్దారు, ఊళ్లో మునసబు, కరణం అనే వరుస అలా స్థిరపడింది.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు సహాయం ఇదే వరుసలో నడిచింది.

1960 ఏప్రిల్ 1 నాటి మార్పు నగరికి చాలా ముఖ్యమైనది. రెండు రాష్ట్రాల సరిహద్దు వివాదాన్ని పరిశీలించిన పటాస్కర్ సిఫార్సుల మేరకు తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. కుశస్థలి నీటి దారి మాత్రం మారలేదు. కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీరు పళ్లిపట్టు వైపూ నగరి వైపూ ఆందోళన రేపి, చివరికి చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయం చేరుతుంది. అంతకుముందు ఒకే కలెక్టరు నుంచి ఒకే తహసీల్దారుల వరుసలో పోయిన హెచ్చరిక, అప్పటినుంచి రెండు రాష్ట్రాల అధికారుల మధ్య నడవాల్సి వస్తోంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రాష్ట్రమంతటా తుపాను హెచ్చరికలపై శ్రద్ధ పెంచింది. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కార్యాలయం దగ్గరైంది కానీ, ఏ ఇల్లు పల్లంలో ఉందో, ఏ చెరువు కట్ట బలహీనమో తరతరాలుగా తెలిసిన మనుషులు ఆ వరుస నుంచి తప్పుకున్నారు.

కేంద్రం వైపు మార్పు ముందు నిధితో వచ్చింది. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫార్సుతో 1990లో విపత్తు సహాయ నిధి మొదలైంది. 2010లో అది రాష్ట్ర విపత్తు స్పందన నిధిగా మారింది. ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25 శాతం. 1999 ఒడిశా తుపాను, 2001 భుజ్ భూకంపం, 2004 సునామీల తర్వాత 2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ప్రధాని అధ్యక్షతన జాతీయ సంస్థ, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర సంస్థ, కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ ఏర్పడ్డాయి. 2006లో జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్ఎఫ్, పని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గరి కొండపావులూరు. నగరికి అంతకన్నా ఎంతో దగ్గర్లో, రేణిగుంట రైలుమార్గం చివర అరక్కోణంలో, తమిళనాడుకు కేటాయించిన నాలుగో బెటాలియన్ ఉంది.

పట్టణవాసికి ఈ యంత్రాంగం కనిపించే తీరు ఇలా ఉంటుంది. వాతావరణ శాఖ హెచ్చరిక రాష్ట్ర సంస్థ ద్వారా కలెక్టరుకు, అక్కడినుంచి తహసీల్దారుకు, మున్సిపల్ కమిషనరుకు చేరుతుంది. పల్లపు వీధుల వారిని పాఠశాలలకు, కల్యాణ మండపాలకు తరలించడం, కాలువల్లో పూడిక తీయడం, తాగునీరు పంపడం పురపాలక సంఘం పని. నీట చిక్కిన వారిని ముందుగా బయటికి తీసేది అగ్నిమాపక సిబ్బంది, పోలీసులే. పరిస్థితి చేయి దాటితే కలెక్టరు రాష్ట్రాన్ని, రాష్ట్రం కేంద్ర దళాన్ని కోరుతుంది. ఫిర్యాదుకు జిల్లా కంట్రోల్ రూం 1077, రాష్ట్రానిది 1070. నీరు తగ్గాక వార్డు, రెవెన్యూ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి నష్టం రాస్తారు. సాయం ఆ జాబితా మీదే ఆధారపడుతుంది. మరణానికి కేంద్ర నిబంధనల ప్రకారం 4 లక్షల రూపాయలు. చేనేత పనిముట్లు పాడైతే నిబంధనల్లో పద్దు ఉంది. నగరిలో వేలమందికి అన్నం పెట్టే మరమగ్గానికి పేరుపెట్టి అటువంటి పద్దు లేకపోవడం పెద్ద లోటు.

విపత్తు నిర్వహణ చట్టం నగరిలో ప్రతి గడపకూ తెలిసింది వరదతో కాదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ ఉత్తర్వులు వెలువడింది దీని కిందనే. కరోనా మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు చెల్లించింది కూడా విపత్తు స్పందన నిధి నుంచే.

2015 నవంబరులో, 2020లో నివర్ తుపాను సమయంలో జిల్లాలో భారీ వర్షాలు పడ్డాయి. 2021 నవంబరు వానలు మరీ తీవ్రం. తిరుపతి వీధులు నీట మునిగాయి, తిరుమల ఘాట్ రోడ్లు మూతపడ్డాయి. కడప జిల్లాలో అన్నమయ్య డ్యాం తెగింది. రామచంద్రాపురం మండలంలోని విజయనగర కాలపు రాయలచెరువు కట్టకు లీకు కనిపించగానే దిగువ ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలతో కట్టను నిలబెట్టారు. అన్నమయ్య డ్యాం దగ్గర జరగని ముందుజాగ్రత్త ఇక్కడ జరిగింది. ఆ కృషి ప్రశంసనీయం. తక్షణ సాయంగా 1,000 కోట్లు ఇవ్వాలని రాష్ట్రం కేంద్రాన్ని కోరింది. కేంద్ర బృందం వచ్చి నష్టం పరిశీలించింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పొరుగున ఉన్న పుత్తూరు తిరుపతి జిల్లాకు వెళ్లగా, నగరి చిత్తూరులోనే ఉండి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆర్డీవో ఊళ్లోనే ఉండటం మేలైన మార్పు. 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణ, రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న ఊళ్లకు ప్రత్యేక పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పరచే వీలు కల్పించింది. తిరుపతి, చిత్తూరు ఆ కోవలోకి వస్తాయి. పురపాలక సంఘమే ఉన్న నగరి రాదు. దాని ప్రణాళిక ఇకమీదటా జిల్లా ప్రణాళికలో భాగమే.