నీళ్లు ముందొచ్చేది మన పేటకే: రక్షణ వాలంటీరుగా అర్హత సంపాదించడం ఎలా?

గోదావరి లంకల్లోనైనా, కృష్ణా కరకట్ట కిందనైనా, పట్నంలో మురుగు కాలవ పక్కనైనా పల్లం ఎక్కడుంటే మన పేట చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఊరు మెరక మీద, వాడ పల్లంలో. ఇది నేల చేసిన ఏర్పాటు కాదు, మనుషులు చేసిన ఏర్పాటు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. జాతీయ విపత్తు స్పందన దళం, అంటే మనం ఎన్డీఆర్ఎఫ్ అని పిలిచే దళం, పదో బెటాలియన్ కేంద్రం గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. అయినా ఏ వరదలోనైనా మొదటి కొన్ని గంటలు మనిషిని పట్టుకుని పైకి లాగేది పక్కింటివాడే. దళం వచ్చేది ఆ తర్వాతే.

ఆ పక్కింటివాడు మన పిల్లాడే అయినప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలుసు. పీకల్లోతు నీళ్లలో దిగుతాడు, ముసలివాళ్లను భుజాన మోస్తాడు, చివరికి శవాలు తీయమంటే అదీ తీస్తాడు. కానీ అతని పేరు ఏ జాబితాలోనూ ఉండదు. లైఫ్ జాకెట్ ఉండదు, బీమా ఉండదు, చేతికి తొడుగు కూడా ఉండదు. ఆ పేరు జాబితాలోకి ఎలా ఎక్కాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఆంధ్రలో వాలంటీరు అనగానే ఇంటింటికీ పింఛను తెచ్చిన గ్రామ వాలంటీరు గుర్తొస్తాడు. ఇది ఆ ఉద్యోగం కాదు. నెల జీతం లేదు. దీన్ని ఉద్యోగమని చెప్పి ఎవరైనా డబ్బులడిగితే అది మోసమే.

ఆపద మిత్ర

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర అనే పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది. వరద ముప్పు ఎక్కువున్న 30 జిల్లాల్లో జిల్లాకు 200 మంది చొప్పున 6,000 మందికి శిక్షణ ఇవ్వాలన్నది లెక్క. తర్వాత దాన్ని 350 జిల్లాలకు, లక్ష మందికి పెంచారు. ఆ రెండో విడతలో పెట్టిన అర్హతలు చూస్తే మనవాళ్లకు అడ్డం వచ్చేవి తక్కువే. వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి. మాజీ సైనికులు, వైద్యరంగంలో పనిచేసి రిటైరైనవాళ్ల వంటివారికి వయసులో సడలింపు ఉంది. చదువు ఏడో తరగతి. ఆ జిల్లాలోనే కాపురం ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. అంతే.

ఏడో తరగతి అన్న మాటను మళ్లీ చదవండి. డిగ్రీ అడగలేదు, ఇంటర్ అడగలేదు. తాపీ పనివాళ్లు, ఆటో నడిపేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఉపాధి హామీ పనికి వెళ్లే అక్కచెల్లెళ్లు అందరూ ఇందులోకి వస్తారు. అయినా మన వాడల నుంచి అనుకున్నంతమంది వెళ్లడం లేదంటే ప్రధాన కారణం కబురు అందకపోవడం. ఎంపిక చేసేది జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, దానికి అధ్యక్షుడు కలెక్టరు. అక్కడి నుంచి మండలానికి కబురు వస్తుంది, మండలం నుంచి ఊరికి వస్తుంది, ఊళ్లో ఎవరి చెవిన పడుతుందో వాళ్ల పిల్లల పేర్లే వెళ్తాయి. ఒకప్పుడు తుఫాను కబురు ఊరంతటికీ చాటింది మన డప్పే. ఇప్పుడు కబురు వాట్సాప్ గ్రూపులో వస్తుంది, ఆ గ్రూపులో మనం ఉండం.

అందుకని కబురు కోసం ఎదురు చూడొద్దు. కలెక్టరేట్‌లో విపత్తుల విభాగానికి, తహసీల్దారుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. ఒక్కరి పేరు కాదు, వాడ నుంచి పదిమంది పేర్లు వయసు, చదువు, ఈత వచ్చా రాదా, పడవ నడపడం వచ్చా, డ్రైవింగ్ లైసెన్సు ఉందా అన్న వివరాలతో ఇవ్వండి. దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇప్పటిదాకా జిల్లాలో శిక్షణ పొందినవాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది, ఏ ఊళ్లవాళ్లు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా తర్వాతి బ్యాచ్‌కు జాబితా తయారుచేసేవాళ్లకు మీ పేట గుర్తుంటుంది.

ఆ లక్ష మంది లక్ష్యం ఇప్పటికే పూర్తయింది. దాని తర్వాత వచ్చింది యువ ఆపద మిత్ర. ఇందులో సుమారు 2.37 లక్షల మందికి శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. అయితే తీసుకునేది నేరుగా ఊళ్లోంచి కాదు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, నెహ్రూ యువ కేంద్రం, స్కౌట్స్ అండ్ గైడ్స్ సంఘాల్లో ఉన్న యువతనే. కాబట్టి కాలేజీలో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఈ సంగతి చెప్పే బాధ్యత అక్కడ పనిచేసే మన ఉపాధ్యాయులది, వార్డెన్లది. కాలేజీ మానేసినవాళ్లకు మై భారత్ (పూర్వపు నెహ్రూ యువ కేంద్రం) దారి ఉంది. ఊళ్లో యువజన సంఘం పెట్టుకుని అక్కడ నమోదు చేయించుకోవచ్చు.

పన్నెండు రోజులు

ఆపద మిత్ర శిక్షణ 12 రోజులు. వరదలో మనిషిని ఒడ్డుకు చేర్చడం, తాళ్లు, ముడులు, కూలిన ఇంటి కింద ఇరుక్కున్నవాళ్లను వెతకడం, ప్రథమ చికిత్స, నిప్పు ఆర్పడం, చేతికి దొరికిన సామాన్లతో తెప్ప, స్ట్రెచర్ కట్టడం వంటివి చేయించి నేర్పుతారు. పూర్తయ్యాక సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, కిట్టు ఇస్తారు. కిట్టులో లైఫ్ జాకెట్, హెల్మెట్, గమ్ బూట్లు, టార్చి, చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె, విజిల్ లాంటివి ఉంటాయి. నిర్ణీత కాలానికి బీమా కూడా చేయిస్తారు. ఆ కాలం ఎప్పుడు ముగుస్తుందో కార్డు వెనకే రాసి పెట్టుకోండి. గడువు ముగిసిందని తెలియక నీళ్లలో దిగినవాడి ఇంటికి తర్వాత మిగిలేది ఫైలు చుట్టూ తిరగడమే.

అసలు అడ్డంకి వేరే ఉంది. పన్నెండు రోజుల కూలి పోతుంది. భూమి ఉన్న ఇంటి కుర్రాడికి అది సెలవు, మనకు అది సగం నెల బియ్యం. ఈ మాటను అధికారుల ముందు సిగ్గుపడకుండా చెప్పాలి. పనుల్లేని నెలల్లో బ్యాచ్ పెట్టమని, రానుపోను ఖర్చు ఇవ్వమని అడగాలి. వాడలో సంఘం ఉంటే ఆ రోజులకు ఆ ఇంటికి తలాకాస్త సర్దడం మన చేతిలో ఉన్న పని.

ఆడవాళ్లు తప్పకుండా వెళ్లాలని మా అభిప్రాయం. వరదలో నిండు గర్భిణిని, బాలింతను పడవ ఎక్కించేటప్పుడు ముక్కూ మొహం తెలియని మగవాడు చెయ్యి చాస్తే వెనక్కి తగ్గేవాళ్లు ఇంకా ఉన్నారు. షెల్టర్‌లో రాత్రుళ్లు ఆడపిల్లలకు తోడు ఎవరు అన్నది కూడా రక్షణ పనిలో భాగమే.

ఇంకో దారి సివిల్ డిఫెన్స్. 1968 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థకు 2009లో చేసిన సవరణతో విపత్తుల పని కూడా చేర్చారు. నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి నాలుగో తరగతి చదివి ఉంటే చాలు. హైదరాబాద్, విశాఖ లాంటి పట్టణాల్లో ఉన్నవాళ్లకు ఇది అందుబాటులో ఉంటుంది. 2025 మే నెల నుంచి మై భారత్ పోర్టల్‌లో కూడా పేరు నమోదు చేసుకునే వీలు ఇచ్చారు.

కార్డు వచ్చేలోగా

శిక్షణ ఎప్పుడొస్తుందో తెలియదు, వాన మాత్రం జూన్‌లో వస్తుంది. ఈలోగా నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మునిగేవాడి దగ్గరికి ఈదుకుంటూ వెళ్లడం చివరి మార్గం. ప్రాణభయంలో అతను మీ మెడ పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. ముందు ఒడ్డునే బోర్లా పడుకుని వెదురు గడ, చీర, తువ్వాలు అందివ్వాలి. అందకపోతే తాడు కట్టిన ఖాళీ నీళ్ల క్యాను, లారీ ట్యూబు విసరాలి. అదీ కుదరకపోతే పడవ, అరటి బోదెల తెప్ప. శిక్షణలో మొదట నేర్పేది ఈ వరుసే.

ఒడ్డుకు తెచ్చినవాణ్ణి తలకిందులు చేసి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చూస్తాం. అది చేసేలోపు ప్రాణం పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో రెండుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య ఎముక మీద రెండు చేతులు పెట్టి 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన 30సార్లు నొక్కాలి. మళ్లీ రెండు ఊపిర్లు. 108 వచ్చేదాకా ఆపకూడదు. చదివితే ఇది రాదు, బొమ్మ మీద చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. రెడ్‌క్రాస్ జిల్లా శాఖలను, ఫైర్ స్టేషన్‌ను అడిగి వాడలోనే ఒక పూట నేర్పించమనండి.

మూడోది మన ఇళ్లను ఎక్కువగా తాకేది. మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో ఒకరు పడిపోతే వెంటనే రెండోవాడు దిగుతాడు, అతని కోసం మూడోవాడు. 2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగి స్పృహ తప్పిన ఇద్దరు కార్మికులు మన ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లే. వాళ్లను కాపాడదామని దిగిన ఒక ఆటో డ్రైవరు కూడా వాళ్లతోపాటే చనిపోయాడు. ముగ్గురిలో ఎవరి దగ్గరా ఊపిరి పరికరం లేదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు అందుకే పడిపోతాడు. ముఖానికి తడిగుడ్డ కట్టుకోవడం దీనికి పనికిరాదు. బ్రీతింగ్ సెట్టు ఉన్న ఫైర్ సిబ్బందిని 101కి పిలవాలి, పైనుంచి గాలి ఆడేలా మూతలన్నీ తెరవాలి, ఎవరినీ దిగనివ్వకూడదు. అన్నదమ్ముడు లోపల ఉన్నప్పుడు ఈ మాట వినడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా ఇదే చెప్తాం. అసలు ఆ పనికి మనిషిని రక్షణ పరికరాలు లేకుండా దించడమే 2013 చట్టం ప్రకారం నేరం. మురుగులో చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారం 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది.

శవాల దగ్గర మనం

2004 సునామీలో నాగపట్నం తీరంలో శవాలు తీయడానికి ఇతర ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికులను తెప్పించారు. వాళ్లలో ఎక్కువమంది దళితులే. విపత్తు వస్తే బతికున్నవాళ్లను తీసే పనికి ఒకరు, చనిపోయినవాళ్లను తీసే పనికి ఇంకొకరు అన్న పంపకం అక్కడితో ఆగలేదు. ఆపద మిత్ర కార్డు ఉన్నా ఈ పంపకం మన మీదికి రావచ్చు, ముందే చెప్తున్నాం.

శవాన్ని గౌరవంగా తీయడం కూడా నేర్చుకోవలసిన పనే. ఫొటో తీయడం, దొరికిన చోటు రాయడం, గుర్తు కట్టడం అన్నీ ఇందులో ఉంటాయి. స్వచ్ఛందంగా, తొడుగులు బూట్లతో, అన్ని కులాలవాళ్లతో కలిసి వంతులవారీగా చేస్తే అది సేవ. నువ్వు ఫలానావాడివి కాబట్టి నువ్వే మోయాలంటే అది అత్యాచారం. మనుషుల, పశువుల కళేబరాలు మోయమని, గోతులు తీయమని ఎస్సీ, ఎస్టీలను బలవంతపెట్టడం 2016 జనవరి నుంచి అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3లో స్పష్టంగా నేరం. చెప్పింది ఊరి పెద్దయినా, ఆఫీసరైనా అంతే.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి. పరిహారంలో, సహాయంలో కులం, మతం, స్త్రీ పురుష భేదం చూపకూడదని అందులో ఉంది. షెల్టర్‌లో మనవాళ్లను వరండాలో కూర్చోబెట్టినా, పొట్లాలు చివర్లో పంచినా ఆ సెక్షన్ పేరు చెప్పి రాసిస్తే కాగితం కదులుతుంది. గుర్తింపు కార్డు మెడలో ఉన్న మనిషి ఆ మాట అడిగితే వినేతీరు వేరుగా ఉంటుంది. మన పిల్లలు ఈ కార్డు సంపాదించాలని మేం పట్టుబట్టడానికి సగం కారణం ఇదే.

చివరిగా బీమా లేనివాళ్ల సంగతి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల్లో మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ఉన్నాయి. సహాయక చర్యల్లో ఉండగా చనిపోయినవాళ్లకు కూడా అది వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. మరణ కారణం మీద అధికారి ధ్రువీకరణ కావాలి. కాబట్టి కార్డు లేకుండా నీళ్లలో దిగినా సరే, దిగేముందు కంట్రోల్ రూముకు, అంటే రాష్ట్రానికి 1070కి గానీ జిల్లాకు 1077కి గానీ, కుదరకపోతే 112కి ఫోన్ చేసి మీ పేరు, ఊరి పేరు, ఎంతమంది వెళ్తున్నారో చెప్పండి. ఆ ఫోన్ చేసిన నంబరు, సమయం ఒడ్డున ఉన్నవాళ్ల చేత రాయించండి.