ధాత కరువులో ఒక కాలువ పని

మన పెద్దలనోట "ధాత కరువు" అను మాట వినని కుటుంబము అరుదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన ఆ క్షామకాలమున ఒంగోలులో జరిగిన ఒక సంగతిని ప్రియ పాఠకులకు జ్ఞాపకము చేయగోరుచున్నాము. అది అమెరికన్ బాప్టిస్టు మిషనువారి చరిత్ర, మన డయోసీసుది కాదు. అయినను పొరుగింట దీపమైనను వెలుగు వెలుగే గదా!

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. వారి సంఘములో అధిక సంఖ్యాకులు మాదిగ సహోదరులు. వానలు తప్పి పైరులు పోగా, రైతు కళ్ళములో వారికి ముట్టవలసిన గింజలు ముట్టలేదు. ప్రభుత్వము కరువు పనులు తెరచెను గాని, 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ గారు పొదుపు పేరిట కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమునకును, దానిపై స్వల్పమైన నాణెమునకును తగ్గించిరి. అంతమాత్రపు తిండితో మట్టి మోయువాడు బ్రదుకజాలడని డాక్టరు కార్నిష్ గారు గట్టిగా వాదించిరి. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

అప్పుడు త్రవ్వుచున్నది బకింగ్‌హాం కాలువ. క్లౌ గారు యౌవనమందు అమెరికాలో సర్వే పని నేర్చినవారు. ఆ విద్య ధైర్యముతో కాలువలో సుమారు 3 మైళ్ళ భాగమును స్వయముగా కంట్రాక్టు తీసికొని, తన బోధకులనే పనిమీద మేస్త్రీలుగా నిలిపిరి. అంటరానివారని ఇతరచోట్ల చులకనగా చూడబడినవారు ఇక్కడ తిట్లులేకుండ పనిచేసి కూలి తీసికొనిరి.

ఇచ్చట కొంచెము ఆగుదము. చందాల సొమ్మును దొరగారు పంచకపోలేదు. గాని ఆయనయొద్ద నిజముగా విలువైనవి రెండు: చదువు, కచేరీలో అధికారుల యెదుట కుర్చీలో కూర్చుండి మాటలాడగల హోదా. ఆ రెండును మాదిగవాడలో ఎవరికిని లేవు. వాటినే వారికొరకు వ్యయపరచిరి. కానుక సంచిలో పడునది మాత్రమే దానమనుకొను మనము దీనిని గమనింపవలెను.

అంతకంటె గొప్ప సంగతి మరియొకటి. వేలకొలది జనులు బాప్తిస్మము కోరివచ్చినను, కూలియు ధర్మపు సొమ్మును తన చేతిమీదుగా నడచుచుండగా ఇచ్చుట తగదని, సుమారు 15 నెలలు ఆయన ఒక్కరికిని ఇయ్యలేదు. పనులు ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నముకొరకు వచ్చిరని ఎత్తిపొడిచినవారు అప్పుడును లేకపోలేదు.

మా సంగతి కూడ చెప్పవలెను. ఒక క్రిస్మసుకు మా పాస్టరేటులో దుప్పట్లు పంచితిమి. దాతల పేర్లు మైకులో చదివి, పుచ్చుకొన్నవారిని వరుసగా నిలిపి ఫొటోలు తీయించితిమి. ఒక ముసలమ్మ దుప్పటి అందుకొనుచు చీర కొంగుతో ముఖము కప్పుకొనెను. ఆమెది ఈ సంఘములో మాకంటె పాత సభ్యత్వము. ఫొటోగ్రాఫరు, "అవ్వా, కొంగు తీయి" అనెను. మేము ఊరకుంటిమి.

ఇకమీదట ఫొటోలు వద్దని కమిటీలో రెండుసార్లు కోరితిమి. దాతలు నొచ్చుకొందురని కోశాధికారిగారు ఇంకను సమ్మతింపలేదు.